తొమ్మిదో తరగతి పిలగాన్ని ఎవరో గ్రూపుల కలుపుకున్నరు, ఏం చెయ్యాలె?

జగిత్యాల_టీచరమ్మ
ఆదివారం, రాత్రి 9:12

అందరికి నమస్తే. జగిత్యాల దిక్కు ఒక జెడ్పీ హైస్కూల్ల సోషల్ చెప్తున్న, ఊరి పేరు మాత్రం అడగొద్దు. మా దగ్గర తొమ్మిదో తరగతిల ఒక పిలగాడున్నడు. చదువుల మామూలే, కబడ్డి మాత్రం మస్తు ఆడుతుండె. నాయిన దుబాయ్‌ల ఉంటడు, అమ్మ బీడీలు చేస్తది, ఇంట్ల నాయినమ్మ ఉంటది. దసరా సెలవులయి వచ్చిన కాంచి పిలగాడు మారిపోయిండు. గ్రౌండ్‌కు వస్తలేడు, పాత దోస్తులతోని మాట లేదు, క్లాసుల ఏదన్న పాఠం చెప్తె లేచి "మీకు నిజం తెల్వది టీచర్, ఈ పుస్తకాలల్ల అన్ని అబద్ధాలె" అంటడు. ఎవరు చెప్పిన్రు రా అంటె "మా అన్న చెప్పిండు" అంటడు. వాడు ఇంట్ల ఒక్కడే కొడుకు, అన్న ఎక్కడికెళ్లి వచ్చిండో నాకు సమజ్ కాలె.

తర్వాత తెలిసింది ఏందంటె ఊర్ల ఒకతను ఉన్నడట, డిగ్రీ మధ్యల ఆపిండు, ఇరవై మూడు ఇరవై నాలుగేండ్లుంటయి, ఇసొంటి పిలగాండ్లను బండి మీద తిప్పుతడు, రీచార్జ్ చేపిస్తడు, జిమ్ముకు ఊకెనే రానిస్తడు, ఒక టీషర్ట్ గూడ ఇచ్చిండు, ఫోన్ల ఒక గ్రూపు ఉంది అందుల వీళ్లందరిని కలిపిండు. ఆ గ్రూపుల వీడియో ఒకటి వేరే పిల్ల నాకు చూపెట్టింది, ఒక మనిషిని చెట్టుకు కట్టేసి కొడుతున్నరు, కింద అన్ని నవ్వే బొమ్మలు, అందుల మా పిలగాడు పెట్టిన బొమ్మ గూడ ఉంది. హెడ్మాస్టరేమో "ఊరోళ్లతోని పంచాది మనకెందుకమ్మా" అంటున్నడు. పోలీసులకు చెప్తె పిలగాని మీదనే కేసు అయితదేమో అని నాకు భయం. ఎవరికన్న అనుభవం ఉంటె చెప్పున్రి.

నిర్వాహకుడు
ఆదివారం, రాత్రి 9:40

టీచర్ గారూ, ఊరు పేరు రాయకుండ మంచి పని చేసిన్రు. మిగతావాళ్లకు ఒక మాట. అది ఏ మతపోళ్ల గ్రూపు, ఏ కులపోళ్లది, ఏ పార్టీది అని ఊహించి రాసిన పోస్టులు తీసేస్త. పిలగాన్ని గుర్తుపట్టే వివరం బయటపెడితె పిల్లల కోసం ఉన్న జువైనల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ కింద ఆరు నెలల దాక జైలు, రెండు లక్షల దాక జరిమాన పడొచ్చు, తర్వాత నన్ను అనొద్దు.

పరకాల_పటాకా
ఆదివారం, రాత్రి 10:05

దీనికి ఇంత ఆలోచన ఎందుకు టీచర్, వాళ్లమ్మను పిలిపియ్యున్రి, ఫోన్ గుంజుకోమనున్రి, రెండు అంటియ్యమనున్రి. మా బాపు మమ్మల్ని గట్లనె పెంచిండు, మేం ఏ గ్రూపుల వోలే. ఆ అన్న అనేటోన్ని నలుగురు కలిసి చౌరస్తల నిలబెట్టి అడిగితె ఇంకోపారి బడి దిక్కు చూడడు.

హన్మకొండ_అక్క
ఆదివారం, రాత్రి 10:48

పటాకా తమ్మీ, ఆ రెండు దెబ్బల కోసమే ఆ అన్న కాసుకోని కూసుంటడు. "మీ ఇంట్ల నిన్ను ఎవరు అర్థం చేస్కోరు రా" అని ముందుగాలనె చెవులేసి పెడ్తడు కదా, అమ్మ కొట్టిన దినం "చెప్పిన్నా లేదా" అంటడు. పిలగాడు ఆ రాత్రి ఎవరింటికి పోతడో మీరే చెప్పున్రి.

పిల్లల కౌన్సెలింగ్ చేస్త నేను. నాకు తెలిసినంతల ఏ గ్రూపు గూడ పిల్లగాని దగ్గరికి జెండా పట్టుకొని రాదు, ద్వేషం మాట అసలే ఎత్తదు. తిన్నవా అంటరు. నీ ఆట మస్తుంటది అంటరు. కొత్త పేరు ఒకటి పెడ్తరు, టైగర్ అనో ఇంకేదో. తర్వాత ఒక చిన్న రహస్యం చెప్తరు, ఎవ్వలికి చెప్పకు అని, అది ఇంట్ల దాచిపెట్టిన దినమే సగం పని అయిపోయినట్టు. ఆ తర్వాత ఒక పని అప్పజెప్తరు, అది గూడ చిన్నదే. ఇంకొన్ని రోజులకు కొంచెం తప్పు పని, ఎవన్నన్న బెదిరిచ్చుడు, ఎవరిదన్న వీడియో తీసుడు. అది చేసినంక వాడు ఇగ వెనుకకు రాలేడు, వస్తె నీ వీడియో మా దగ్గర ఉందంటరు. మతం, చరిత్ర, అన్యాయం, పగ ముచ్చట్లు మెల్లగ ఈ నడుమల ఎక్కిస్తరు.

పేదపిల్లలే పోతరు, చదువురానోళ్లే పోతరు అనుకోకున్రి, నా దగ్గరికి ఫస్ట్ ర్యాంకు పిల్లలు గూడ వచ్చిన్రు. ఎవరి చేతిలనో అవమానం అయినోళ్లు, నాయిన దూరముండేటోళ్లు, ఉన్న ఊరు వదిలి కొత్త హాస్టల్ల పడ్డోళ్లు, ఎవరన్న నన్ను పెద్దోన్ని అనుకుంటె బాగుండు అని చూసేటోళ్లు.

టీచర్, ఆ పిలగాడు లేచి మీతోని వాదిస్తున్నడంటె ఇంక మాట తెగలేదన్నట్టు. సప్పుడు చెయ్యకుంట కూసున్న దినం భయపడాలె.

గోదారొడ్డు_ముసలోడు
సోమవారం, ఉదయం 6:20

మాది ఏటూరునాగారం దిక్కు. నాకు ఈ ఫోన్ల గ్రూపులు తెల్వయి గని ఆ అక్క చెప్పినది సదివితె పాత దినాలు యాదికొచ్చినయి. టీచరమ్మా, మీ జగిత్యాల్ల రైతుకూలీల జైత్రయాత్ర అయింది 1978ల, కొండపల్లి సీతారామయ్య నక్సలైట్ పార్టీ పీపుల్స్‌వార్ పెట్టింది 1980ల, మా గోదారి అవుతలికి ఇవుతలికి దళాలు తిరుగుడు మేం పోరగాండ్లమున్నప్పటి ముచ్చట. ఆట పాట ఉంటుండె, గొంగడి ఏసుకొని గజ్జె కట్టి ఆడుతుంటె రాత్రంత చూస్తుంటిమి, పొద్దుగాల అదే పాట పాడుకుంట పశులెంట పోతుంటిమి.

పిలగాండ్లకు తుపాకి ఎవ్వలు ఇయ్యలె ముందుగాల. గీ చీటి ఫలానోళ్లింట్ల ఇచ్చి రా, బాట మీద జీపు వస్తె ఈల ఎయ్యి, చాపత్త శక్కర తే, గంతే. పశులు గాసే పోరన్ని పోలీసులు అనుమానం పట్టరు, జీతం అడగడు, ఎందుకు అని అడగడు. పటేలు ఎదురంగ చెప్పులు తొడుక్కొని నడువనియ్యని ఊర్ల, తుపాకి ఏసుకున్న మనిషి భుజం మీద చెయ్యేసి "ఏం తమ్మీ తిన్నవా" అంటె ఆ పోరనికి ఇగ ఏం గావాలె?

నా ఈడోడు ఒకడుండె. చీటి ఇచ్చి వచ్చిండని ఎవరో చెప్తె పోలీసులు కొంచవొయిన్రు, విడిచిపెట్టి పంపినప్పుడు మోకాళ్లు వాసి నడువరాలె. వాళ్లింటి ముంగటికెళ్లి పోవుడు ఊరోళ్లు బందు వెట్టిన్రు, బాయి కాడ వాళ్లమ్మతోని ఎవ్వలు మాట్లాడలె. దళపోళ్లు వచ్చి ఏం చెప్పినవ్ రా పోలీసులకు అని వాళ్లొక దిక్కు అడిగిరి. ఇగ వాడు ఏడికి పోతడు, అడవిలకే పోయిండు. వాడు పోయింది సిద్ధాంతం సదివి కాదు, ఊర్ల నిలవడ జాగ లేక పోయిండు. టీచరమ్మ పోలీసుల ముచ్చట అడిగింది కదా, అందుకే ఇంత రాసిన.

కాకతీయ_క్యాంపస్
సోమవారం, ఉదయం 9:15

పెద్దాయనా, దండాలు. కాని నక్సలైట్ ఉద్యమాన్ని, మనిషిని కట్టేసి కొట్టే వీడియోలకు నవ్వే గ్రూపును ఒక్క గాటన కట్టుడు నాకు నచ్చలె. వెట్టి, గడీలు, దొరల దౌర్జన్యం లేకపోతె ఆ ఉద్యమమే లేదు. ఇంద్రవెల్లిల 1981 ఏప్రిల్ 20 నాడు గోండుల మీద కాల్పులు జరిగినంక ఆదిలాబాద్ పోరగాండ్లకు ఎవరన్న ప్రత్యేకంగ పాఠం చెప్పాల్నా? మన ఆర్‌ఈసీల ఇంజినీరింగ్ చదివినోళ్లు, కాకతీయ యూనివర్సిటీల చదివినోళ్లు పోయిన్రు, వాళ్లను ఎవరో బిర్యాని తినిపిచ్చి తీస్కపోలేదు.

ములుగు_బాట
సోమవారం, మధ్యాహ్నం 1:30

క్యాంపస్ అన్నా, ఇరవై ఏండ్లోడు చదివి వాదించి పోయిండంటె తప్పో ఒప్పో అది వాని నిర్ణయం, దాని మీద ఎంతసేపన్న కొట్లాడుకోవచ్చు. ఇక్కడ ముచ్చట పిల్లలది. నేను గొత్తికోయ గూడేలల్ల తిరుగుత, ఛత్తీస్‌గఢ్‌ల గొడవ అయినప్పుడు సరిహద్దు దాటి వచ్చి మన ములుగు, భూపాలపల్లి, భద్రాద్రి అడవులల్ల గుడిసెలు ఏసుకున్నోళ్లు వాళ్లు. హ్యూమన్ రైట్స్ వాచ్ 2008ల ఒక రిపోర్ట్ తెచ్చింది, అందుల మావోయిస్టులు ఆరేండ్ల నుంచి పన్నెండేండ్ల పిల్లలను బాల సంఘాలల్ల చేర్చుకొని సమాచారం తెప్పిచ్చుకుంటరని, పెద్దయినకొద్ది నాట్య మండలికి, మిలీషియాకు, దళానికి పంపుతరని ఉంది. అదే రిపోర్ట్‌ల మావోయిస్టుల మీదికి సర్కారు అండతోని లేచిన సల్వాజుడుం పిల్లలను దాడులకు తీస్కపోయిందని, పోలీసులు పద్దెనిమిది నిండనోళ్లను ఎస్పీవోలుగ, అంటె స్పెషల్ పోలీసులుగ, పెట్టుకున్నరని గూడ ఉంది. ఆ ఎస్పీవోల పద్ధతి రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు 2011 జులై 5న తీర్పిచ్చింది, చదువు సరిగ లేని గిరిజన పోరగాండ్లకు తుపాకులిచ్చి ముంగటికి తోస్తరా అని గట్టిగనే అడిగింది.

అంటె యూనిఫాం ఉన్నోళ్లు లేనోళ్లు అందరు పిల్లలనే వాడిన్రు. బడులల్ల బలగాలు దిగుడు, ఆ బడులను వీళ్లు పేల్చుడు, మధ్యల ఆ పిలగాడు ఏ బడికి పోవాలె? గూడెంల బడి నడిచిన కాడ, హాస్టల్ల వార్డెన్ మంచోడున్న కాడ పిల్లలు నిలబడ్డరు, ఇది నా కండ్లతోని చూసినది.

ఇప్పుడైతె పెద్ద పెద్దోళ్లే తుపాకులు దించుతున్నరు, మావోయిస్టు నాయకుడు పెద్దపల్లి మల్లోజుల వేణుగోపాల్ 2025 అక్టోబర్ల గడ్చిరోలిల లొంగిపోయిండు. చిన్నప్పుడు బాల సంఘంల తిరిగి ఇప్పుడు ఇరవై ముప్పై ఏండ్లకొచ్చినోళ్ల పేరు మాత్రం ఏ పేపర్ల రాదు.

కాకతీయ_క్యాంపస్
సోమవారం, మధ్యాహ్నం 2:10

పిల్లలను వాడొద్దు అన్నదాంట్ల నాకు వేరే మాట లేదు. నా మాట వేరే. ఆ పిలగాడు పుస్తకాలల్ల అబద్ధమంటున్నడు కదా, దానికి "నోర్మూసుకొని కూసో" అనేది జవాబు కాదు. ఏది అబద్ధం రా, పేజీ తియ్యి అనాలె. వాళ్ల అన్న ఏం చెప్పిండో బోర్డు మీద రాయించాలె, ఎవరు చూసిన్రు, ఎక్కడ రాసుంది, వేరేటోళ్లు ఏమంటున్నరు అని అడగాలె. సోషల్ టీచర్ చేతిల ఇంతకంటె పెద్ద ఆయుధం లేదు. వీళ్ల గ్రూపులల్ల ప్రశ్న అడిగినోన్ని తీసేస్తరు, మీ క్లాసుల అడిగినోనికి జాగ ఉందని వానికి తెలియాలె.

కాజీపేట_టు_మాదాపూర్
సోమవారం, రాత్రి 11:02

నేను ఐటీల ఉంట, ఆన్‌లైన్ దిక్కు నుంచి చెప్త. టీచర్ చెప్పిన గ్రూపు బయటికి కనపడేది, దాని వెనుక ఇంకో చిన్న గ్రూపు ఉండే ఛాన్స్ ఎక్కువ. పద్ధతి ఎట్లుంటదంటె బయట రీల్స్, జోకులు, ఎడిట్లు ఉంటయి, వాటికి ఎవరు ఎక్కువ నవ్వుతున్నరు, ఎవరు రాత్రి రెండింటికి గూడ మేల్కొని కామెంట్లు పెడ్తున్నరు అని చూస్తరు, వాళ్లకు పర్సనల్ మెసేజ్ పోతది, తర్వాత వేరే యాప్‌కు రమ్మంటరు, అక్కడ మెసేజ్‌లు వాటంతటవే మాయమైతయి. జోకుల రూపంల ఎందుకంటె ఎవరన్న పట్టుకుంటె "ఊకె నవ్వులాటకు" అనొచ్చు, రోజు నవ్వి నవ్వి దెబ్బలు తినే మనిషి మనిషి లెక్క కనపడుడు బందయితది. ఆ చెట్టు వీడియో కింద బొమ్మలు చూస్తె నాకు అదే అనిపిచ్చింది. పైంగ మనం ఒక్కటి చూస్తె యాప్ అసొంటియే ఇంకో పది ముంగట పెడ్తది.

గేమ్స్ గూడ వదిలిపెట్టొద్దు. సింగపూర్ల ఒక పదహారేండ్ల పిలగాడు రోబ్లాక్స్ గేమ్ల ఐసిస్ లెక్క తయారుచేసిన సర్వర్లల్ల తిరిగి తిరిగి తనే ఐసిస్ మనిషిననుకునే కాడికి పోయిండు, 2023ల అక్కడి సర్కారు వానికి ఆంక్షలు పెట్టి కౌన్సెలింగ్‌ల ఏసింది. బ్రిటన్ల కార్న్‌వాల్ అనే చోట ఇంకో పిలగాడు పదమూడేండ్లప్పుడు బాంబు పుస్తకం డౌన్‌లోడ్ చేసుకున్నడు, నాయినమ్మ ఇంట్ల ఉండుకుంటనే ఫోయర్‌క్రీగ్ డివిజన్ అనే నాజీ గ్రూపుకు బ్రిటన్ శాఖ నడిపిండు, 2021ల కోర్టు శిక్ష ఏసింది. పిలగాడు ఇంట్లనే ఉన్నడు, బయట చెడు తిరుగుళ్లు లేవు అని ఇంట్లోళ్లు అనుకుంటరు చూడు, అక్కడ దెబ్బ తింటున్నం.

ఫోన్ గుంజుకుంటె ఏమైతది అంటె ఆ అన్న పాత ఫోన్ ఒకటి ఇస్తడు, గంతే. దానికంటె వాళ్లమ్మ ముందట కూసొని సెట్టింగ్స్‌ల "గ్రూపులల్ల నన్ను ఎవరు కలపొచ్చు" అన్నది మార్చమనున్రి, తెలిసినోళ్లే కలిపేటట్టు. గ్రూపుల నుంచి బయటికి రమ్మనేది మాత్రం తొందరపడకున్రి, వచ్చినోన్ని కొట్టిన కథలు ఉన్నయి. వచ్చే ముందు అవసరమైన స్క్రీన్‌షాట్లు ఉంచుకోవాలె.

షార్జా_సిరిసిల్ల
మంగళవారం, ఉదయం 7:44

నేను గూడ గల్ఫ్ నాయిననే, నా కొడుకు ఎనిమిది చదువుతడు. మేం రోజు ఫోన్ చేస్తం గని ఏం మాట్లాడుతం అంటె మార్కులెన్నొచ్చినయ్, అమ్మ మాట వింటున్నవా, ఫోన్ ఎక్కువ చూడకు, గంతే, మూడో నిమిషంల వాడు అమ్మకు ఇస్త అంటడు. ఆ దుబాయ్ నాయినకు ఈ ముచ్చట చెప్పున్రి టీచర్, చెప్పకుంట దాచిపెట్టకున్రి, కాని ముందుగాల కోపం చెయ్యొద్దని చెప్పి తర్వాత ముచ్చట చెప్పున్రి. ఇక్కడ ఒంటరిగ రూముల కూసొని కోపం వస్తె ఫోన్లనే తిట్టేస్తం, తిట్టినంక చేసేది ఏం లేదు.

వరంగల్_వకీల్
మంగళవారం, రాత్రి 8:20

కేసు గురించి అడిగారు కాబట్టి చెప్తున్నాను. భయపడకండి కాని ఆలస్యం కూడా చెయ్యకండి.

జువైనల్ జస్టిస్ చట్టం 2015లో 83వ సెక్షన్ ఉంది. దాని మొదటి భాగం, కేంద్రం మిలిటెంట్ గ్రూపుగా ప్రకటించిన సంస్థ పిల్లలను చేర్చుకున్నా, ఏ పనికి వాడుకున్నా ఏడేళ్ల దాకా కఠిన జైలు, ఐదు లక్షల జరిమానా అంటుంది. మీ ఊరి గుంపుకి అది పట్టకపోవచ్చు. రెండో భాగం మాత్రం పడుతుంది, పెద్దవాళ్లు ఎవరైనా ఒక్కరుగా గాని గుంపుగా గాని పిల్లల చేత చట్టవిరుద్ధమైన పని చేయిస్తే శిక్ష అదే. అంటే చట్టం దృష్టిలో నేరస్థుడు వాడుకున్నవాడు. పద్దెనిమిది నిండని పిల్లవాడు రక్షణ అవసరమైనవాడు, ఆ లెక్కనే బాలల సంక్షేమ కమిటీ ముందుకు పోతాడు, అది కోర్టు కాదు. ప్రపంచమంతా ఇదే దారిలో పోతోంది. సాయుధ గ్రూపుల నుంచి బయటపడ్డ పిల్లలను ముందు బాధితులుగా చూడాలని 2007 పారిస్ సూత్రాల్లో ఉంది. పదిహేనేళ్ల లోపు పిల్లలను యుద్ధానికి వాడుకున్నందుకు కాంగోకి చెందిన థామస్ లుబాంగాకి అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు 2012లో 14 ఏళ్లు శిక్ష వేసింది. ఆ కోర్టు మొట్టమొదటి తీర్పే పిల్లల కేసులో వచ్చింది.

రెండో వైపు కూడా చెప్పాలి. పిల్లవాడు ఎవరినైనా కొట్టినా, వీడియో తీసి బెదిరించినా అప్పుడు జువైనల్ జస్టిస్ బోర్డు దాకా పోవచ్చు, పదహారు దాటిన పిల్లవాడు ఘోరమైన నేరంలో ఉంటే పెద్దవాళ్ల కోర్టులో విచారించే అవకాశం కూడా చట్టంలో ఉంది. తొమ్మిదో తరగతి అంటే పద్నాలుగు పదిహేనేళ్లు, ఇప్పుడే అందుకోవాలి. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చెయ్యండి, లేదా నేరుగా జిల్లా బాలల పరిరక్షణ విభాగానికి వెళ్లండి, కలెక్టరేట్‌లో అడిగితే చూపిస్తారు. ఎవరినైనా కొడతామని, చంపుతామని మాట వచ్చిందంటే మాత్రం ఇవన్నీ పక్కన పెట్టి వెంటనే పోలీసులకు, 112కి ఫోన్ చెయ్యండి.

ఫ్రాంక్‌ఫర్ట్_ఓరుగల్లు
మంగళవారం, రాత్రి 11:50

టీషర్ట్ అన్నరు కదా, నాకు ఇక్కడి ముచ్చట ఒకటి యాదికొచ్చింది. జర్మనీల ఎగ్జిట్ డాయిచ్‌లాండ్ అని ఒక సంస్థ ఉంది, 2000ల మొదలైంది, నాజీ గుంపులల్లకెళ్లి బయటికి రావాల్ననుకునేటోళ్లకు సాయం చేస్తది. 2011ల గేరా ఊర్ల ఆ గుంపుల పాటల కచేరి అయితుంటె వీళ్లు 250 టీషర్ట్‌లు ఊకెనే పంచిపెట్టిన్రు, పుర్రె బొమ్మ, పొగరు మాటలు, పోరగాండ్లు ఎగబడి తీస్కున్నరు. ఇంటికి పోయి ఉతికినంక ఆ బొమ్మ పోయి కింద ఇంకో రాత బయటపడ్డది, నీ టీషర్ట్ చేసిన పని నువ్వు గూడ చెయ్యొచ్చు, బయటికొస్తవంటె మేం సాయం చేస్తం అని, కింద ఆ సంస్థ పేరు.

డెన్మార్క్ ఆర్హస్‌ల సిరియా పోవాల్ననుకున్న పోరగాండ్లకు, పోయి వచ్చినోళ్లకు ఒక్కొక్కనికి ఒక పెద్ద తోడును ఇచ్చిన్రు, ఉద్యోగం ముచ్చట, చదువు ముచ్చట, ఇంటి కిరాయి ముచ్చట అన్ని వాళ్లే చూసుకుంటరు, పోలీసులు గూడ ఆ పనిల కలిసే ఉన్నరు. మన దగ్గర ఇన్ని పైసలేడివి అంటరేమో, పీఈటీ సార్ ఒక్కడు చాలు ఆ పిలగానికి.

పరకాల_పటాకా
బుధవారం, ఉదయం 8:03

జర్మనీ, డెన్మార్క్ అన్ని మంచిగనె ఉన్నయి గని మా దిక్కు పీఈటీ సారే లేడు, పోస్టు ఖాళీ. నేనైతె ఇప్పటికి అదే అంట, ఆ అన్నను పట్టుకోకపోతె ఈ పిలగాడు కాకపోతె ఇంకోడు.

జగిత్యాల_టీచరమ్మ
గురువారం, రాత్రి 9:30

అందరు ఇంత రాసినందుకు థ్యాంక్స్. హన్మకొండ అక్క ఫోన్ల గూడ మాట్లాడింది. నిన్న వాళ్లింటికి పోయిన, బీడీల చాట ముందట పెట్టుకొని వాళ్లమ్మ ఏడ్చింది, ఆమెకు ఇదంత ముందే అనుమానమట, కాని "ఆ అన్న వచ్చినప్పటి సంది కొడుకు సిగరెట్లు బందుపెట్టిండు, పొద్దుగాల లేస్తున్నడు, మంచోడే కదా" అనుకున్నదట. ఇది నేను అనుకోలె.

ఇయ్యాల లంచ్ టైంల వాడు నోట్‌బుక్ టేబుల్ మీద మర్చిపోయిండు. వెనుక పేజీలల్ల నీలం పెన్నుతోని ఆ గ్రూపు గుర్తు మళ్ల మళ్ల గీసిండు, కాగితం చిరిగేదాక. దాని తర్వాత పేజీల గీతలు కొట్టి పట్టిక, మన అటెండెన్స్ రిజిస్టర్ లెక్కనే, అడ్డం తారీఖులు, నిలువు పేర్లు, వచ్చినోనికి టిక్కు, రానోనికి సున్న. అన్ని మా స్కూల్ పిల్లల పేర్లు, ఇద్దరు ఆరో తరగతోళ్లు. ఒక పేరు పక్కన "రెండు సార్లు రాలే, అన్నకు చెప్పాలె" అని రాసుంది. దస్తూరి ఎంత ముద్దుగ ఉందో, నా హోంవర్క్ ఒక్కనాడు గట్ల రాయలె వాడు.

హన్మకొండ_అక్క
గురువారం, రాత్రి 10:15

పని అప్పజెప్తరు అన్న కదా, ఇదే. పిల్లల నోటితోని పిల్లలను పిలిపిస్తరు, ఆరో తరగతోడు ఆ ఇరవై నాలుగేండ్లోని ఎంట పోడు, తొమ్మిదో తరగతి అన్న ఎంట పోతడు. రిజిస్టర్ రాసే పిలగానికి "నువ్వు పనికొస్తవ్" అని మనలల్ల ఎవరు చెప్పలె, వాళ్లు చెప్పిన్రు. వానికి బడిల ఒక నిజమైన పని ఇయ్యున్రి, జోన్ కబడ్డి జట్టు లెక్క రాసుడు, జూనియర్లకు నేర్పుడు, ఏదన్న. బుద్ధిమంతుడైతె ఇస్త అనకున్రి, ఇప్పుడే ఇయ్యున్రి. నోట్‌బుక్ చూసిన్నని వానికి చెప్పున్రి, దాచకున్రి, కాని నలుగుట్ల చెప్పకున్రి. మొట్టమొదట అడగాల్సింది ఒక్కటే, "ఇదంత నువ్వే రాసినవా, ఎంతసేపు పట్టింది?" అని. వాడు చెప్పుకుంట పోతడు చూడున్రి.

సిగరెట్ల ముచ్చట గూడ సహజమే. కొన్ని మంచి అలవాట్లు చెయ్యకపోతె అమ్మలు ఊకుంటరా? వాళ్లమ్మను తప్పుపట్టకున్రి.

ములుగు_బాట
శుక్రవారం, ఉదయం 7:10

ఆ "రెండు సార్లు రాలే" అన్న పిలగాడు ఎవరో ముందుగాల చూడున్రి టీచర్. రానన్నోనికి దెబ్బలు పడేది అక్కడే. శ్రీలంకల ఎల్టీటీఈ, అదే తమిళ పులులు, పిల్లలను గుడి జాతరల కాడ, బడికి పోయే బాటల పట్టుకపోతుండె, ఇంటికొకన్ని ఇయ్యాలని అడుగుతుండె, తప్పించుకొచ్చినోన్ని మళ్ల తీస్కపోతుండె. మీ ఊరిది అంత పెద్దది కాకపోవచ్చు, కాని భయపెట్టి ఆపుడు ఎక్కడన్న ఒకటే తీరు. ఆ పిలగాన్ని కొన్ని రోజులు బడికి ఎవరన్న తోడు తోలిచ్చేటట్టు చూడున్రి.

జగిత్యాల_టీచరమ్మ
శుక్రవారం, సాయంత్రం 6:40

ఆ పిలగాడు ఏడో తరగతి, వాళ్ల నాయినకు చెప్పిన, రోజు బండి మీద దింపుతనన్నడు. నోట్‌బుక్ గురించి అడిగితె మా వాడు మొదలు మొఖం తెల్లగ చేసుకున్నడు, తర్వాత అక్క చెప్పినట్టే అరగంట మాట్లాడిండు, అందుల సగం గొప్పలు, సగం భయం. "నేను మానేస్తె లిస్ట్ వేరేటోనికి ఇస్తరు టీచర్" అన్నడు. భయం దాని గురించా, దెబ్బల గురించా అనేది నాకు తెల్వలె. హెడ్మాస్టర్ ఇయ్యాల లెటర్ మీద సంతకం పెట్టిండు, ఆరో తరగతి పేర్లు చూసినంక ఒక్క మాట అనలె.

ఇప్పుడు ఒక్కటే అడ్డం. లెటర్ గ్రామ బాలల పరిరక్షణ కమిటీకి పెట్టాల్నంటున్నరు, ఆ కమిటీల ఉన్న ఒకాయన ఆ అన్నకు సొంత మేనమామ.

వరంగల్_వకీల్
శుక్రవారం, రాత్రి 7:25

అయితే ఆ కమిటీకి పెట్టకండి. ముందు గ్రామ కమిటీకే పోవాలని చట్టంలో ఎక్కడా లేదు. సోమవారం హెడ్మాస్టర్ గారు, మీరు కలిసి లెటర్ నేరుగా జిల్లా బాలల పరిరక్షణ అధికారికి ఇవ్వండి, ఒక కాపీ బాలల సంక్షేమ కమిటీకి, రెండింటి మీదా ముద్ర వేయించుకుని మీ కాపీ ఉంచుకోండి. లెటర్‌లో పిల్లల పేర్లు రాయకండి, పేర్లు విడిగా కవర్‌లో పెట్టి అంటించి ఇవ్వండి. పటాకా గారు అడిగిన దానికి జవాబు కూడా ఇందులోనే ఉంది, ఆ అన్న పేరు, ఫోన్ నంబర్, గ్రూపు పేరు, ఆ వీడియో ఏ తారీఖున వచ్చింది అన్నవి మాత్రం లెటర్‌లోనే స్పష్టంగా రాయండి, 83 రెండో భాగం కదలాలంటే అవే కావాలి.

నోట్‌బుక్ ఎవరు అడిగినా ఇవ్వకండి, ఫోటోలు తీసి ఎవరికీ పంపకండి, నాకు కూడా వద్దు. స్టేషన్ నుంచి ఎవరైనా వచ్చి అడిగినా, సంక్షేమ కమిటీ ముందు పిల్లవాడి తరఫున మనిషి కూర్చున్నప్పుడే ఇస్తామని చెప్పండి. అందులో పేర్లు రాసింది వాడి చేతితోనే కదా, ఎవరి చేతిలో పడుతుందన్న దాని మీదే అది సాక్ష్యం అవుతుందా, వాడి మీద కేసు అవుతుందా అన్నది ఉంటుంది.

జగిత్యాల_టీచరమ్మ
శుక్రవారం, రాత్రి 7:52

సరే సార్. బీరువల పెట్టి తాళమేసిన. సోమవారం పోయి వచ్చినంక రాస్త.